అతుక్కుపోయిన పేజీలూ, నేను తప్పు చెప్పిన టర్కీ పాఠమూ

పోయిన నెల, మా కాలేజీలో చరిత్ర చెప్పడానికి కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు రంగూన్ నగరంలోని సంచౌంగ్‌లో మా ఇంటికి వచ్చారు. కరెంటు లేదు. నాలుగంతస్తుల మెట్లు ఎక్కి, ఆయాసపడుతూ, ఒక అత్తం అరటిపళ్ళు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇక్కడ గురువు ముందు పిల్లలు అలాగే నిలబడతారు. కూర్చోమంటే కూర్చున్నారు. అసలు సంగతి బయటికి రావడానికి రెండేసి కప్పుల టీ పట్టింది.

“సయా, మీ నోట్సు ఇస్తారా?”

సయా అంటే బర్మీస్‌లో మాస్టారు. ముప్పై నాలుగేళ్ళు అందరూ నన్ను అలాగే పిలిచారు. ఇంట్లో మాత్రం అప్పల్రాజుని. మా తాత విశాఖ వైపు నుంచి రంగూన్ రేవుకి బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. నాన్న అదే రేవులో బస్తాలు లెక్కపెట్టే పనిలో కుదిరాడు. నేను పుస్తకాలు మోశాను. మూడు తరాల్లో బరువు తగ్గింది గానీ మొయ్యడం మాత్రం తప్పలేదు.

ఇనప్పెట్టె తెరిచి నోట్సు కట్ట మొత్తం వాళ్ళ చేతిలో పెట్టాను. సంబరంగా దిగి వెళ్ళిపోయారు. తలుపు వేస్తూ మా ఆవిడ సత్యవతి అంది, “నోట్సయితే ఇచ్చీసినారు. అందులో మీరెక్కడ బోల్తా పడ్డారో అది సెప్పినారా?”

చెప్పలేదు. సిగ్గుపడి కాదు, నిజంగానే తోచలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఏ ఫారం ఎవరికి ఇవ్వాలో ఇందులో ఉండదు. ఆ సంగతులు ఆఫీసు గుమాస్తాలు నాకంటే బాగా చెబుతారు. ఈ ఉద్యోగంలో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించీ, అందులోంచి నన్ను గట్టెక్కించిన ఇద్దరు ఆడవాళ్ళ గురించీ, ఒక రైల్వే ఫిట్టరు గురించీ చెబుతాను. వాళ్ళే లేకపోతే ముప్పై నాలుగేళ్ళూ ఒకే అబద్ధం చెప్పి పింఛను పుచ్చుకునేవాణ్ణి.

నోట్సు మహిమ

మన దగ్గర పాఠం చెప్పడమంటే నోట్సు చెప్పడం. మాస్టారు చెబుతాడు, పిల్లలు రాసుకుంటారు, రాసుకున్నది బట్టీ పడతారు, పట్టింది పరీక్షలో దించుతారు. మార్కులు వేసేదీ ఆ మాస్టారే. దిద్దేటప్పుడు పక్కన పెట్టుకునేదీ ఆ నోట్సే. పరీక్షల రోజుల్లో హాస్టలు పక్కనుంచి నడిస్తే నా వాక్యాలు నాకే పది కిటికీల్లోంచి వినబడేవి.

ఒకసారి పాఠం మధ్యలో తుమ్మాను. “మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి” అన్నాను. ఆ ఏడాది పరీక్షలో ముగ్గురు పిల్లలు, ఫ్రాన్స్ లొంగిపోవడానికీ ఆ తర్వాతి సంగతికీ మధ్య సరిగ్గా అదే చోట, “మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి” అని రాశారు. నేను పొట్ట పట్టుకుని నవ్వి మార్కులు వేసేశాను. నవ్వాల్సింది కాదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే పిల్లల్ని నేనే తయారుచేస్తున్నానని ఆ రోజే గ్రహించాల్సింది.

నేను చేరేనాటికి మా శాఖకు పెద్ద దా మ్యా స్వే. దా అనేది పెద్దవయసు ఆడవాళ్ళ పేరుకు ముందు గౌరవంగా పెట్టే మాట. పొట్టిగా, సన్నగా ఉండేవారు. జుట్టు నున్నగా దువ్వి ముడి వేసుకునేవారు. ఆవిడ బల్ల పక్కన చిన్న కరెంటు పొయ్యి మీద మసిబారిన కెటిల్ ఒకటి పొద్దస్తమానం మరుగుతూ ఉండేది. పాలూ పంచదారా లేని పచ్చ టీ తాగుతూ కాగితాలు దిద్దేవారు. మాట కరుకు. ఆవిడ గదిలోకి వెళ్ళేముందు నేను లుంగీ రెండుసార్లు సర్దుకునేవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధం పేపర్లో పెద్ద పెద్ద అంశాలన్నీ సీనియర్లు పంచేసుకున్నారు. ఎవరికీ అక్కర్లేనిది నాకు మిగిలింది. యుద్ధకాలంలో టర్కీ ప్రభుత్వమూ, ఆ దేశపు తీవ్ర జాతీయవాదులూ.

“టర్కీ గురించి నాకేమీ తెలీదు సయామా” అన్నాను. సయామా అంటే మాస్టారమ్మ.

“పిల్లలకీ తెలీదు. అందరూ కలిసి నేర్చుకోండి” అన్నారావిడ, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

నేను చించని పేజీలు

లైబ్రరీలో టర్కీ మీద ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు పుస్తకం. లావుపాటిది. ఎన్ని వానాకాలాలు తాగిందో, అట్ట ఉబ్బి, నడుమ కొన్ని పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టుముక్కలా తయారయ్యాయి. రంగూన్ వానల్లో ఇంట్లో చెప్పులకే బూజు పడుతుంది, పుస్తకాల సంగతి చెప్పాలా!

అతుకుకు ముందున్న పేజీలు చదివాను. యుద్ధం మొదట్లో టర్కీ ఏ పక్షమూ చేరలేదు. గోడ మీద పిల్లిలా కూర్చుంది. ఆ దేశంలో కొందరు రచయితలు, మేధావులు ఉండేవారు. టర్కులందరిదీ ఒకే రక్తం, రష్యా ఏలుబడిలో ఉన్న తమ జాతులన్నిటినీ కలుపుకుని ఒకే మహారాజ్యం కట్టాలి అనేది వాళ్ళ కల. వాళ్ళ పత్రికలు దర్జాగా అచ్చయ్యేవి. అతుకు తర్వాతి పేజీలు చదివాను. యుద్ధం చివరికి వచ్చేసరికి అదే ప్రభుత్వం ఆ మనుషుల్ని అరెస్టు చేసి, విచారణ జరిపి, శిక్షలు వేయించింది. యుద్ధం ముగిశాక పై కోర్టు ఆ శిక్షలు కొట్టేసింది.

మధ్యలో ఏం జరిగింది? అది అతుక్కున్న పేజీల్లో ఉంది.

వేలు దూర్చి లాగితే ఊడేవేమో, చిరిగేవేమో. నేను లాగలేదు. మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. పుస్తకం అంటే సరస్వతి. కాగితం చించితే చదువు రాదని మా నాయనమ్మ వీపు మీద కొట్టి మరీ నేర్పింది. పాత పద్దుల కాగితంలో కూడా జంతికలు కట్టనిచ్చేది కాదు. అంతటి భక్తి నాది. పేజీలు చించడం పాపమనుకున్నాను. చదవకుండా పాఠం చెప్పడం అంతకంటే పాపమని తట్టలేదు. పుస్తకం కళ్ళకద్దుకుని తిరిగి బీరువాలో పెట్టేశాను.

ఆ ఖాళీని ఊహతో నింపాను. నోట్సు ఏడో పేజీలో ఇలా రాశాను: “ప్రభుత్వం మొదటి నుంచీ ఈ ఉద్యమాలను వ్యతిరేకించింది.” దా మ్యా స్వే అడుగున సంతకం పెట్టారు. ఏడేళ్ళు ఆ వాక్యం చెప్పాను, ఏడేళ్ళు దానికి మార్కులు వేశాను.

ఇంకో కారణం కూడా ఉంది, దాచను. మా తాతకు నెత్తి మీద ఒక గాటు ఉండేది. రేవులో కూలీల మీద గొడవలు జరిగిన రోజుల్లో తగిలిందట. జాతి, రక్తం అంటూ గట్టిగా మాట్లాడే మనుషులు ఆ రోజుల్లో ఇక్కడా ఉండేవారు. ఆయన్ని వారం రోజులు మంచం కింద దాచి అన్నం పెట్టింది ఒక బర్మా ముసలావిడ. ఆవిడ పుణ్యాన మేమున్నాం. అందుకని ఎక్కడో ఒక దేశంలో, ఒక ప్రభుత్వం, అలాంటి మాటల్ని మొదటి రోజు నుంచే కాదన్నదంటే నాకు హాయిగా ఉండేది. అలా జరిగి ఉంటే బాగుండునని అనుకున్నదాన్ని జరిగిందని రాసేశాను. చరిత్ర మాస్టారికి ఇంతకంటే తియ్యటి గొయ్యి ఇంకోటి ఉండదు.

ఎస్తేరు జవాబు

ఎనిమిదో ఏడాది రెండో సంవత్సరం క్లాసులో ఎస్తేరు అని ఒక పిల్ల ఉండేది. రంగూన్ శివారు ఇన్సేన్‌లో తెలుగు బాప్టిస్టుల ఇంటి పిల్ల. తండ్రి దానియేలు అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్లాసులో బర్మీస్‌లోనే మాట్లాడేది. వరండాలో నేనొక్కణ్ణే ఉంటే మాత్రం తెలుగులోకి దిగేది.

మాకు రెండో ఏడాది మార్కులే కీలకం. అవి సరిపోతే ఆనర్స్ క్లాసుకు వెళతారు, లేకపోతే మామూలు డిగ్రీ. ఎస్తేరు ఇంట్లో తండ్రి ఒక మాట తేల్చి చెప్పేశాడు. ఆనర్స్ వస్తే చదువు, రాకపోతే కుట్టు ఫ్యాక్టరీ. ఇంట్లో ఇంకో ముగ్గురు పిల్లలున్నారు. ఈ సంగతి అప్పటికి నాకు తెలీదు.

పరీక్షలో టర్కీ ప్రశ్న ఇచ్చాను. క్లాసంతా ఏడో పేజీ వాక్యం దించారు. ఎస్తేరు ఒక్కతే దించలేదు. ప్రభుత్వానికి ఆ ఉద్యమాల మీద ప్రేమా లేదు, ద్వేషమూ లేదు, యుద్ధంలో ఎవరు గెలుస్తున్నారో చూసి దాని ప్రకారం నడిచింది అని రాసింది. నాకు ఒళ్ళు మండింది. ఇరవైకి నాలుగు వేసి, పక్కన ఎర్ర సిరాతో “నోట్సు చదవలేదు” అని రాశాను.

ఫలితాలు గోడ మీద పెట్టారు. ఎస్తేరుకి ఆనర్స్ కొద్దిలో తప్పిపోయింది. మర్నాడు నా గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

“సయా, మార్కుల కోసం రానేదు. టర్కీ ప్రశ్నకి నేను రాసింది తప్పా?”

“తప్పే. నోట్సులో ఏముంది, నువ్వేం రాశావు?”

“నోట్సు చూసే రాసేను సయా. నాలుగో పేజీలో మీరు, ఆళ్ళ పేపర్లు దర్జాగా అచ్చయ్యేవని సెప్పినారు. ఏడో పేజీలో, గవర్మెంటు మొదట్నించీ ఒద్దన్నాదని సెప్పినారు. ఒద్దన్న గవర్మెంటు అచ్చెయ్యనిస్తాదా? రెండూ ఎలాగ కుదుర్తాయి?”

ఏడేళ్ళలో ఆ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చూసిన మొదటి మనిషి ఆ పిల్ల. నేను కూడా చూడలేదు. ఆ మాట ఒప్పుకుని ఉండొచ్చు కదా! “పరీక్షలో తెలివితేటలు చూపించకూడదు. వెళ్ళు” అన్నాను. తల వంచుకుని వెళ్ళిపోయింది. నా ఉద్యోగంలో నేనన్న మాటల్లో ఏదైనా ఒకటి వెనక్కి తీసుకోవచ్చంటే ఆ మాటే తీసుకుంటాను.

కెటిల్

ఆ పిల్ల తప్పని రుజువు చెయ్యడానికే లైబ్రరీకి వెళ్ళాను. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను, మా ఆవిడనడగండి. పుస్తకం తెరిచాను. అతుక్కున్న పేజీల దగ్గర చెయ్యి ఆగింది. ఏడేళ్ళ కిందట నేను చదవకుండా మూసేసింది ఇక్కడే కదా అని గుర్తొచ్చింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సయించలేదు. మూడో రోజు సత్యవతి కంచం నా ముందు పెట్టి, “ఏటయినాది మీకు? ఎవుల్నేటన్నారు?” అంది. చెప్పాను. అంతా విని, “మీ మేడమ్ కాడికెళ్ళండి. తిడితే తిడతాది, సంపీదు గదా” అంది.

పుస్తకం చంకలో పెట్టుకుని దా మ్యా స్వే గదికి వెళ్ళాను. నిలబడే చెప్పాను, మొదటి నుంచీ. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“పేజీలు ఎందుకు విడదియ్యలేదు?”

“చిరుగుతాయని సయామా. మా ఇళ్ళల్లో పుస్తకం అంటే దేవత.”

“మా ఇళ్ళల్లోనూ పుస్తకాన్ని నేల మీద పెట్టం” అన్నారు. “కానీ పుస్తకం రాసినవాడు దణ్ణం పెట్టించుకోవడానికి రాయలేదు. చదువుతారని రాశాడు. తలుపు వెయ్యి.”

కెటిల్ మూత తీసి, అతుక్కున్న పేజీల అంచును ఆవిరికి పట్టారు. తన ముడిలోంచి ఒక పిన్ను లాగి, ఆవిరికి మెత్తబడ్డ చోట మెల్లగా దూర్చి జరిపారు. ఒక పేజీ విడివడింది. ఫ్యాను కింద ఆరబెట్టాం. మళ్ళీ ఆవిరి, మళ్ళీ పిన్ను. మధ్యాహ్నమంతా అదే పని. ఒక మూల కాస్త చిరిగింది. నేను అయ్యో అన్నాను, ఆవిడ పట్టించుకోలేదు. సాయంత్రానికి అతుక్కున్న ఆరు కాగితాలూ పుస్తకంలోనే విడివిడిగా వచ్చాయి.

చదివాం. ఎస్తేరు రాసిందే అక్కడుంది. జర్మన్ సేనలు రష్యాలోకి దూసుకుపోతున్నంత కాలం టర్కీ ప్రభుత్వం ఆ రచయితల్ని చూసీ చూడనట్టు వదిలేసింది. పై పదవుల్లో ఉన్నవాళ్ళు కొందరు జర్మన్ల మాటలు చెవిన వేసుకున్నారు కూడా. వోల్గా ఒడ్డున జర్మన్లు ఓడిపోయి, రష్యా సైన్యం పడమటికి నడవడం మొదలుపెట్టాక, అదే మనుషులు దేశానికి ముప్పు అయిపోయారు. మన రేవు జనం ఎప్పుడూ అనే సామెతే. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య.

ఆ రచయితల మాటలు నాకు ఈనాటికీ నచ్చవు. రక్తం కొలిచే మనిషి పక్కన కూర్చుని నేను టీ కూడా తాగను. కానీ వాళ్ళను జైల్లో పెట్టింది ఆ మాటలు చెడ్డవని కాదు, ఆ మాటలకు ఇక గిరాకీ లేదని. ఈ తేడా పిల్లలకు చెప్పకపోతే మనం చెప్పేది చరిత్ర కాదు.

దా మ్యా స్వే నోట్సు తెప్పించుకున్నారు. ఏడో పేజీ అడుగున తన సంతకాన్ని వేలితో తట్టారు. “నేనూ చదవకుండా పెట్టాను. తప్పు ఇద్దరిదీ. పరీక్షల కమిటీకి ఇద్దరి పేరా ఉత్తరం రాయి” అన్నారు.

నా తప్పులో సగం నెత్తిన వేసుకున్న పై అధికారి నాకు ఆవిడ తప్ప ఇంకొకరు తగల్లేదు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ కెటిల్ కూత పెడితే నేను లేచి నిలబడతాను. ఇంట్లో నవ్వుతారు, నవ్వనీ.

కమిటీ అధ్యక్షుడు ఆ ఉత్తరం చదివి తల పట్టుకున్నాడు. “ఈ అమ్మాయిది ఒప్పయితే మిగతా క్లాసంతా తప్పు రాసినట్టే కదా! అందరినీ ఫెయిల్ చెయ్యమంటారా?”

“పిల్లలు మేం పెట్టిన అన్నం తిన్నారు. అన్నంలో రాయి ఉంటే అది వండినవాళ్ళ తప్పు” అన్నారు దా మ్యా స్వే. “వాళ్ళ మార్కులు వాళ్ళకుండనివ్వండి. ఈ పిల్లవి ఈ పిల్లకి ఇవ్వండి.”

గంటసేపు వాదన జరిగింది. చివరికి ఒప్పుకున్నారు. ఎస్తేరు కాగితం వేరే మాస్టారు దిద్దాడు, ఇరవైకి పదిహేడు వేశాడు. కమిటీ రెండు షరతులు పెట్టింది. ఒకటి, కాలేజీ తెరిచాక నా తప్పు క్లాసులో నేనే చదివి వినిపించాలి. చదివాను. ఆ తర్వాత నుంచి పిల్లలు నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఎవరూ అడిగేవారు కాదు. పరువు పోతుందని మీరు భయపడితే ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోండి.

రెండోది, ఎస్తేరు సోమవారం స్వయంగా వచ్చి ఆనర్స్ రిజిస్టర్లో సంతకం పెట్టాలి. రాకపోతే ఆ చోటు తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆ మాట అన్నది శుక్రవారం మధ్యాహ్నం. కాలేజీకి సెలవులు, ఎస్తేరు ఇంట్లోనే ఉంది. వాళ్ళింట్లో ఫోను లేదు.

ఇన్సేన్

శనివారం పొద్దున్నే ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలెక్కి ఇన్సేన్‌లో దిగాను. వాన. రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. దానియేలు గుమ్మంలో కూర్చుని గొడుగు పుల్ల సరిచేసుకుంటున్నాడు. లోపల ఎస్తేరు పక్కింటి మిషను తెచ్చుకుని పాత గుడ్డ మీద తిన్నగా కుట్టు వెయ్యడం నేర్చుకుంటోంది. సోమవారం నుంచే ఫ్యాక్టరీ పని.

నేనెవరో చెప్పగానే దానియేలు గబుక్కున లేచాడు. కుర్చీ తుడిచాడు. నేను నోరు తెరవకముందే, “మా పిల్లదే తప్పు మాస్టారూ. నోట్సు బట్టీ పట్టమంటే పట్టనేదు. తెలివెక్కువైపోనాది. బాగా తిట్టేను” అన్నాడు.

“తప్పు అమ్మాయిది కాదు దానియేలు గారూ. నాది. నోట్సులోనే తప్పుంది. మార్కులు మళ్ళీ వేశారు. ఆనర్స్ వచ్చింది. సోమవారం వచ్చి సంతకం పెట్టాలి.”

మిషను చప్పుడు ఆగింది. నేననుకున్నాను, ఆయన సంతోషిస్తాడని. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

“మాస్టారికి తప్పేటి మాస్టారూ? పుస్తకాలు సదువుకున్నోరు మీరు. మా పిల్ల పనికెల్తాదని తెలిసొచ్చినారు. మీరు దొడ్డోరు. దండం ఎడతాను. జాలి మార్కులు మాకొద్దు. రేపు ఆనర్స్‌లో సదవలేక పడిపోతే మల్లీ నవ్వులపాలు.”

ఎంత చెప్పినా వినలేదు. నేను తప్పు చేశానని నమ్మించడానికి నేనే కష్టపడాల్సి వచ్చింది. అన్నేళ్ళు మాస్టారి మాటకు తిరుగులేదని ఊళ్ళో పిల్లలందరికీ నేర్పిందెవరు? నేనే. ఆ ఫలితం ఇప్పుడు ఆ గుమ్మంలో నా ఎదుట నిలబడి దండం పెడుతోంది.

గోడ మీద అరలో తెలుగు బైబిల్ కనబడింది. “ఎవరు చదువుతారు?” అని అడిగాను.

“నేనే. ఇంగిలీసు రాదు. బర్మా రాత కూడా అంతంతమాత్రమే. తెలుగైతే సదువుతాను, ఏలెట్టుకుని.”

“అయితే మీరే పరీక్ష పెట్టండి” అన్నాను. “ఎస్తేరూ, నువ్వు పక్కింట్లో కూర్చో. పిలిచేదాకా రాకు.”

ఎస్తేరు మిషను మీద గుడ్డ వదిలేసి వెళ్ళింది. ఆరు కాగితాల్లోని సంగతిని ఇంగ్లీషులో రాసి తెచ్చుకున్నాను. దాన్ని ఎదురుగా పెట్టుకుని, ఆ ఇంట్లో ఒక పాత కేలండర్ వెనకవైపు, తెలుగులో రాశాను. తెలుగు రాయడం చిన్నప్పుడు గుడి బడిలో నేర్చుకున్నది. వత్తులు కొన్ని తప్పి ఉంటాయి. పది వాక్యాలు. అది దానియేలు చేతిలో పెట్టి, “ఈ కాగితం మీ అమ్మాయి చూడలేదు. ఇందులో ఉన్నది ఆ పుస్తకంలో ఉన్నది. ఇప్పుడు అమ్మాయిని చెప్పమందాం. రెండూ కలుస్తాయో లేదో మీరే చూడండి” అన్నాను.

ఎస్తేరుని పిలిచాను. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. “పరీక్షలో ఏం రాశావో మీ నాన్నగారికి చెప్పమ్మా. నాకు కాదు, ఆయనకి.”

ఎస్తేరు ఒకసారి నన్ను చూసింది, ఒకసారి తండ్రిని చూసింది. మెల్లగా మొదలుపెట్టింది.

“మొదట జర్మనోళ్ళు గెలుస్తన్నారు నాన్నా. అప్పుడు గవర్మెంటు, మనదంతా ఒకే రక్తం అని రాసినోళ్ళని ఏటీ అన్నేదు. పేపర్లు అచ్చేసుకోనిచ్చినాది. జర్మనోళ్ళు గెలిస్తే ఈళ్ళు పనికొస్తారేమో అనుకున్నాది.”

దానియేలు వేలు కాగితం మీద కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

“తరవాత జర్మనోళ్ళు ఓడిపోనారు. రష్యావోళ్ళు తోసుకొచ్చేస్తన్నారు. ఇంక ఈళ్ళని దగ్గరుంచుకుంటే రష్యాకి కోపమొస్తాది. అందుకని పట్టుకుని జైల్లో ఎట్టీసినాది.” గొంతు కాస్త పెరిగింది. “ఆళ్ళు మారనేదు నాన్నా. మొదట్లోనూ అదే రాసినారు, ఆకర్నా అదే రాసినారు. మారింది గవర్మెంటే.”

దానియేలు తల ఎత్తాడు. “జైల్లో ఎట్టినోళ్ళు బైటికొచ్చేరా?”

“వచ్చేరు. యుద్ధం అయిపోనాక రష్యాతోనే గొడవొచ్చినాది. అప్పుడు పై కోర్టు ఒదిలీసినాది.”

ఆయన మళ్ళీ కాగితం మీదికి వంగాడు. మొదటి వాక్యం నుంచి చివరిదాకా, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ, రెండోసారి చదివాడు. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. నా జీవితంలో ఎన్నో ఫలితాలు గోడ మీద పెట్టాను గానీ, ఫలితం కోసం అలా ఎదురుచూసింది ఆ ఒక్కసారే.

కాగితం మడిచాడు. కూతురి వైపు చూశాడు. “ఇంత తెలిసినదాన్ని ఒట్టినే తిట్టేను” అన్నాడు. ఎస్తేరు మొహం గోడవైపు తిప్పేసుకుంది.

తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

“సోమారం ఎన్ని గంటలకి మాస్టారూ? నేనూ వస్తాను. సెలవెట్టాల.”